షుగరు రోగి నోరు చూసేవారేరి?

షుగరు మాత్రల కోసం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి వెళ్లినవారికి వేలు గుచ్చి రక్తం చూస్తారు. బి.పి. చూస్తారు. పాదాలకు పుండ్లేమైనా వున్నాయా అని అడిగే డాక్టర్లూ లేకపోలేదు. కాని నోరు తెరవమని అడిగేవారు అరుదు.

మా వూళ్లో ఒక పెద్దాయనకు పన్నెండేళ్లుగా షుగరు. రెండేళ్లుగా పళ్లు తోముకుంటే నెత్తురు వస్తోంది. ముందు పళ్లు రెండు వూగుతున్నాయి. మాత్రలు పెంచినా షుగరు దిగడం లేదు. "డాక్టరుగారికి చెప్పావా బాబాయ్?" అంటే, "షుగరు డాక్టరుకి నా పళ్లతో ఏం పనిరా?" అన్నాడు. ఆయనను తప్పుపట్టి లాభం లేదు. ఆ మాట ఆయనకు చెప్పినవారే లేరు.

రక్తంలో చక్కెర ఎక్కువైతే సన్నని రక్తనాళాలు దెబ్బతింటాయి, సూక్ష్మజీవులను ఎదుర్కొనే శక్తి తగ్గుతుంది. పంటి మొదట్లో పాచి గట్టిపడి గార కడుతుంది. చిగురు వాచి, నెత్తురు కారి, చీము పట్టి, చివరకు కింది ఎముక కరుగుతుంది. ఇదంతా చాలామందిలో నొప్పి లేకుండానే జరిగిపోతుంది. చిగుళ్లలో వాపు వుంటే ఇన్సులిన్ సరిగా పనిచేయదు. అంటే షుగరు చిగుళ్లను చెరుపుతుంది, చిగుళ్లు షుగరును పెంచుతాయి. పళ్లు వూగినవారు జొన్నరొట్టె, కాయగూరలు మాని మెత్తటి అన్నం, జావలకు దిగుతారు. దానితో షుగరు ఇంకా పెరుగుతుంది.

2022లో 35 పరిశోధనలను కలిపి చూసిన ఒక సమీక్షలో, చిగుళ్లకు వైద్యం చేయించుకున్న షుగరు రోగులకు మూడు నెలల సగటు చూపే పరీక్షలో అంకె సుమారు 0.4 తగ్గింది. మాత్రలు మానవచ్చని దీని అర్థం కాదు. కాని చిగుళ్లకు వైద్యం చేయించుకుంటే ఇంత మేలు జరిగేటప్పుడు దానిని వదులుకోవడం ఎందుకు?

గార తీయిస్తే పళ్లు వదులవుతాయన్న భయం పల్లెల్లో బలంగా వుంది. కింది ఎముక ముందే తరిగిపోయి వుంటుంది. గడ్డకట్టిన గార పళ్లను పట్టి వుంచడం వల్ల ఆ సంగతి తెలియదు, అంతే. పన్ను తీస్తే చూపు పోతుందన్నది కూడా వట్టి మాట. ఇటుక పొడి, బొగ్గు మాత్రం వెంటనే మానాలి. వేపపుల్ల వాడేవారు చిగురు గీరుకోకుండా చూసుకోవాలి, రాత్రి పడుకునే ముందు కూడా తోముకోవాలి. చుట్ట, బీడీ, ఖైనీ అలవాటు వుంటే చిగుళ్లు మరింత త్వరగా చెడతాయి.

థైరాయిడ్ సంగతి షుగరంత గట్టిగా తేలలేదు. అయితే థైరాయిడ్ తక్కువగా పనిచేసే వారిలో కొందరికి నోరు ఎండిపోతుంది, పుండు ఆలస్యంగా మానుతుంది. ఎక్కువగా పనిచేసే వారికి మత్తు ఇంజెక్షన్ విషయంలో జాగ్రత్త అవసరం. కాబట్టి షుగరు గాని, థైరాయిడ్ గాని వుంటే పళ్ల డాక్టరుకు ముందుగానే చెప్పాలి.

అధికారులకు ఒక మనవి. 30 ఏళ్లు దాటినవారికి నోటి క్యాన్సర్ పరీక్ష చేయాలన్న కార్యక్రమం ఇప్పటికే వుంది. దానికి ఎటూ నోరు తెరిపించాలి. అదే టార్చిలైటు వెలుగులో చిగుళ్లు చూడడానికి పట్టేది అర నిమిషం. తోముకుంటే నెత్తురు వస్తుందా, పళ్లు వూగుతున్నాయా అన్న రెండు ప్రశ్నలు షుగరు రోగుల చీటీలో చేర్చడానికి కొత్త నిధులేమీ అక్కరలేదు. సిబ్బందికి పని ఎక్కువన్న మాట నిజమే. కాని మాత్రలు పెంచుకుంటూ పోవడం కంటే ఇది తేలిక.

అసలు చిక్కు ఆ తరువాత వుంది. పళ్ల డాక్టరు కావాలంటే చాలా పల్లెలవారు ఏరియా ఆసుపత్రికో, జిల్లా ఆసుపత్రికో పోవలసిందే. కూలి పోగొట్టుకుని, బస్సు చార్జీలు పెట్టుకుని, నొప్పి లేని జబ్బు కోసం ఎవరు వెళతారు? నెలకు ఒక రోజైనా ఆ డాక్టరును ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి పంపాలి. షుగరు మాత్రలు ఇచ్చే రోజే అయితే జనం ఎలాగూ వస్తారు.