ఇంటిపట్టు పనులు: బ్యాటరీది తప్పా, తీగెది తప్పా?

ఈ నెల శీర్షికకు కారణం ఒక సోదరి రాసిన ఉత్తరం. వారి మామగారిని వారానికి రెండుసార్లు డయాలిసిస్‌కు ఆస్పత్రికి తీసుకుపోవాలి. ఇంట్లో ఉన్న చిన్న కారే ఆధారం. కొన్నాళ్లుగా పొద్దున తాళంచెవి తిప్పితే టిక్కుమని ఊరుకుంటున్నదట. దీపాలు మాత్రం బాగానే వెలుగుతాయి. అంగడివారు బ్యాటరీ మార్చాలన్నారు, మార్పించారు. నాలుగు రోజులు బాగానే నడిచింది, అయిదోనాడు మళ్లీ అదే టిక్కు. “అన్నయ్యగారూ, కొత్త బ్యాటరీ కూడా చెడిపోయిందంటారా?” అని అడిగారు.

అమ్మా, బ్యాటరీని తిట్టేముందు దానికి బిగించిన తీగెను చూడండి. కొత్తది పెట్టేటప్పుడు తీగె కొనలు కదిలి, కాస్త రాపిడి పడి, నాలుగు రోజులపాటు పట్టు దొరికి ఉంటుంది. చిలుము మళ్లీ కమ్ముకునేసరికి కథ మొదటికి వచ్చింది.

దీపాలు వెలుగుతుంటే తీగెది తప్పెలా అవుతుందని సందేహం రావచ్చు. 1827లో జర్మన్ పండితుడు ఓం ప్రచురించిన సూత్రం బళ్లో చదువుకున్నదే గదా. చిలుము వల్ల తీగె కొనలో ఒక ఓములో యాభయ్యోవంతు అడ్డంకి ఏర్పడిందనుకోండి. దీపాలకు 5 ఆంపియర్లు చాలు. అప్పుడు దారిలో పోయేది వోల్టులో పదోవంతు మాత్రమే, కంటికి తెలియదు. ఇంజనును తిప్పే స్టార్టరు మోటారు చిన్న కారులో కూడా 100, 150 ఆంపియర్లు లాగుతుంది. అప్పుడు అదే అడ్డంకి 3 వోల్టులు మింగేస్తుంది. మోటారుకు చేరేది చాలక అది మూలుగుతుంది. సన్నని గొట్టంలో చెంబెడు నీళ్లు పడతాయి గాని, తోటంతా తడపలేము. ఇదీ అంతే.

పాత అంబాసిడర్లలో హాండిలు పెట్టి తిప్పి గండం గడుపుకునేవారు. నేటి కార్లలో ఆ సదుపాయం లేదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో, చెన్నపట్నమైనా యానామైనా, చిలుము మరీ తొందరగా పడుతుంది.

ముందు పరీక్ష చేసుకోండి. మల్టీమీటరు అనే కొలసాధనం అంగళ్లలో దొరుకుతుంది. రాత్రంతా కదలని కారులో బ్యాటరీ 12.6 వోల్టుల దాపున చూపితే నిండుగా ఉన్నదన్నమాట, 12.2కు దిగితే సగమే. నిండుగా ఉండి కూడా కారు కదలకపోతే, మీటరు ఒక ముల్లును బ్యాటరీ నెగటివు సీసపు మొలకే ఆనించండి, పైనున్న క్లాంపుకు కాదు. రెండోది ఇంజను శుభ్రమైన లోహానికి ఆనించండి. గేరు న్యూట్రల్‌లో ఉంచి, చేతిబ్రేకు వేసి, మరొకరిని తాళంచెవి తిప్పమనండి. చీర కొంగు, చేతులు, జుట్టు ఫ్యానుకూ బెల్టుకూ దూరంగా ఉండాలి. మీటరు 0.2 లోపు చూపితే తీగె మంచిది. అర వోల్టు దాటితే కొనలు తీసి శుభ్రం చేసి బిగించి చూడండి. అప్పటికీ తగ్గకపోతే ఆ తీగెను మార్చాలి.

ఇంటివద్ద చేయదగినది ఈ నెగటివు తీగె పని మాత్రమే. పాజిటివు తీగె ఫ్యూజుల పెట్టె మీదుగా, ఇంజను అడుగున ఉన్న స్టార్టరు దాకా పోతుంది. దాన్ని మెకానిక్కుకు వదలండి. జాకీ మీద నిలిపిన కారు కిందికి దూరడం ప్రాణంతో చెలగాటం. నెగటివు క్లాంపు మీద చిన్న పెట్టెలాంటి సెన్సారు ఉన్న కార్లనూ, నారింజ రంగు తీగెలు కనిపించే హైబ్రిడ్, విద్యుత్ కార్లనూ ముట్టకండి. నారింజ రంగు తీగెలలో పారేది ప్రాణాలు తీసే వోల్టేజి.

పన్నెండు వోల్టులు మనిషికి షాకు కొట్టవు గదా, భయమేమిటని కొందరంటారు. కొట్టవు, నిజమే, కాల్చుతాయి. పాజిటివు మొలకూ కారు బాడీకీ మధ్య ఉంగరమో, గడియారపు గొలుసో, పానాయో పడితే, కొన్ని వందల ఆంపియర్లు ఒక్కసారిగా పారుతాయి. క్షణంలో లోహం ఎర్రబడి వేలు కమిలిపోతుంది. పైగా ఛార్జి అయ్యేటప్పుడు బ్యాటరీలోనుంచి హైడ్రోజన్ వెలువడుతుంది. గాలిలో అది నూటికి 4 వంతులుంటే చాలు, ఒక్క నిప్పురవ్వకు అంటుకుంటుంది. బ్యాటరీ పగిలిందంటే లోపలి గంధకామ్లం ముఖాన పడుతుంది. అందుచేత ఉంగరాలు, గాజులు, గడియారం, మెడలో గొలుసు తీసి పక్కన పెట్టండి. కళ్లజోడు, రబ్బరు తొడుగులు వేసుకోండి. బీడీ, చుట్ట, అగరొత్తి దగ్గరికి రాకూడదు. మూసిన షెడ్డులో గాక గాలి ఆడే చోట చెయ్యండి. పిల్లలను దూరంగా ఉంచండి. దగ్గర ఒక బకెట్టు నీళ్లు ఉంచుకోండి. ఆమ్లం కంట పడితే వెంటనే మంచినీటితో కనీసం 15 నిమిషాలు ఆపకుండా కడిగి, ఆస్పత్రికి పోవాలి.

ఇక పని.

1. ఇంజను ఆపి, తాళంచెవి బయటికి తీసి, కారుకు దూరంగా పెట్టండి. రేడియోకు రహస్య సంఖ్య ఉంటే రాసుకోండి. తీగె ఎటునుంచి ఎటు పోతున్నదో ఫోనులో ఫొటో తీసుకోండి.

2. మొదట విప్పవలసింది నెగటివు. చాలా చిన్న కార్లలో 10 నంబరు పానా సరిపోతుంది. క్లాంపును ఎడమకూ కుడికీ ఆడిస్తూ పైకి తియ్యండి; స్క్రూడ్రైవరుతో పెకలిస్తే మొల విరుగుతుంది. ఊడిన కొనకు పొడిగుడ్డ చుట్టి, తిరిగి ఎగిరి మొలకు తగలకుండా పక్కకు వంచండి. అటుపైన కారు పుస్తకం చెప్పినంతసేపు ఆగండి. ఎయిర్‌బ్యాగులున్న కార్లలో ఇది ముఖ్యం.

3. బాడీకీ ఇంజనుకూ బిగించిన రెండో కొన విప్పండి. కొత్త తీగె పాతదానంత పొడవు, అంతకు తగ్గని లావు ఉండాలి. పైన రబ్బరు లావుగా చుట్టి లోపల రాగి సన్నగా పెట్టినవి, అల్యూమినియానికి రాగి పూత పూసినవి అంగట్లో ఉంటాయి. అసలు రాగి తీగె ఎన్ని చదరపు మిల్లీమీటర్లో బిల్లు మీద రాయించుకోండి.

4. బాడీ మీద తీగె కూర్చునే చోటును గరుకు కాగితంతో, మేమిక్కడ ఉప్పుత్తాళ్ అంటామే దానితో, లోహం మెరిసేదాకా రుద్దండి. మొల మీది తెల్లని పొడిని గ్లాసు నీళ్లలో చెంచా వంటసోడా కలిపి పాతబ్రష్షుతో కడగండి. ఆ నీళ్లు బ్యాటరీ మూతల లోపలికి పోరాదు. మంచినీటితో కడిగి, పూర్తిగా ఆరనివ్వండి.

5. బాడీ కొన ముందు బిగించండి. తీగె పొగగొట్టానికీ బెల్టుకూ తగలకూడదు. తలుపులన్నీ మూసి, చిట్టచివర బ్యాటరీ మొలకు నెగటివు క్లాంపు ఎక్కించి బిగించండి. చేత్తో తిప్పితే కదలరాదు. పైన కొంచెం వాసెలిన్ రాయండి.

ఈ క్రమమెందుకంటే, కారు బాడీ మొత్తం నెగటివుకే కలిసి ఉంటుంది. నెగటివు విప్పేటప్పుడు పానా బాడీకి తగిలినా రెండూ ఒకటే గనుక ఏమీ కాదు. అది విప్పాక పాజిటివు వద్ద పానా జారి బాడీకి తగిలినా దారి తెగి ఉన్నది గనుక అప్పుడూ భయం లేదు. క్రమం తప్పి పాజిటివు ముందు విప్పితే, పానా జారిన మరుక్షణం మెరుపే. పాతకాలపు కొన్ని ఇంగ్లీషు కార్లలో బాడీకి పాజిటివును కలిపేవారు. అటువంటి కారు దాచుకున్నవారు బాడీకి కలిసిన తీగె ఏదో చూసి, దాన్నే ముందు విప్పి చివర బిగించాలి.

ఇంజను నడిపి బ్యాటరీ మీద మీటరు పెడితే సాధారణంగా 13.8 నుంచి 14.5 దాకా చూపుతుంది. పది నిమిషాల తర్వాత ఇంజను ఆపి, నెగటివు క్లాంపును వేళ్లతో తాకండి. కాలుతున్నదంటే బిగింపు చాలలేదు. అప్పుడు మళ్లీ మొదటి అంకెనుంచి మొదలుపెట్టండి, నెగటివుతోనే.