లేని ఇంటికి సాక్ష్యం ఎవరు తేవాలి?

2025 అక్టోబర్ 4న కేంద్ర ఆర్థిక మంత్రి నిర్మలా సీతారామన్ గాంధీనగర్‌లో ‘మీ సొమ్ము, మీ హక్కు’ ప్రచారాన్ని ప్రారంభించారు. బ్యాంకుల్లో, బీమా సంస్థల్లో, మ్యూచువల్ ఫండ్లలో, షేర్లలో ఎవరూ అడగక పడి ఉన్న ఆస్తుల విలువ 1.84 లక్షల కోట్ల రూపాయలని ప్రభుత్వమే చెప్పింది. హక్కు అన్న మాట వినసొంపుగానే ఉంది. అడగడానికి వెళ్లినవారికి ఎదురయ్యే ప్రశ్న మాత్రం వేరు: ముప్పై ఏళ్ల కిందట మీరు ఫలానా ఇంట్లో ఉన్నట్టు రుజువేది?

షేర్ల విషయంలో ఈ ప్రశ్న మరీ క్రూరం. 1980లు, 90లలో పబ్లిక్ ఇష్యూల మోజులో గుమాస్తాలు, ఉపాధ్యాయులు వందా రెండు వందల షేర్లు కొన్నారు. దరఖాస్తులో రాసింది అప్పటి అద్దె ఇంటి చిరునామా. తర్వాత బదిలీలు, పదవీ విరమణ, మరణం. 2013 కంపెనీల చట్టం ప్రకారం వరుసగా ఏడేళ్లు డివిడెండ్ తీసుకోకపోతే ఆ సొమ్ముతోపాటు షేర్లు కూడా ఇన్వెస్టర్ ఎడ్యుకేషన్ అండ్ ప్రొటెక్షన్ ఫండ్‌కు వెళ్తాయి. ముందుగా కంపెనీ నోటీసు పంపుతుంది, అదే పాత చిరునామాకు. ఉత్తరం తిరిగొస్తుంది. ఆ ఇంట్లో ఆ మనిషి లేడని కంపెనీకి అప్పుడే తెలుసు. అయినా షేర్ల తరలింపు ఆగదు. కొడుకో కూతురో వచ్చి అడిగిన రోజున మాత్రం, మీ నాన్న ఆ ఇంట్లోనే ఉండేవాడని నిరూపించమంటారు. తీసుకునేటప్పుడు అక్కరలేని సాక్ష్యం ఇచ్చేటప్పుడు ఎందుకు కావాల్సి వచ్చింది?

ఆ సాక్ష్యం దొరికేదెక్కడ? తొలి ఆధార్ సంఖ్య ఇచ్చిందే 2010లో. కొత్త రేషన్ కార్డు కావాలంటే పాతది అప్పగించాల్సిందే. కరెంటు బిల్లు ఇంటి యజమాని పేరున వచ్చేది. అద్దె ఒప్పందం నోటిమాట.

తెలుగువారికి మరో చిక్కు కూడా ఉంది. షేర్ సర్టిఫికెట్ మీద ‘జగిత్యాల, కరీంనగర్ జిల్లా, ఆంధ్రప్రదేశ్’ అని ఉంటుంది. ఇల్లు కదలలేదు, 2014లో రాష్ట్రం మారింది, 2016లో జిల్లా మారింది. ఆంధ్రప్రదేశ్‌లోనూ 2022లో 13 జిల్లాలు 26 అయ్యాయి. పేర్లు మార్చింది ప్రభుత్వం, పొంతన కుదర్చాల్సింది పౌరుడు. శ్రీశైలం జలాశయంలో మునిగిన ఊరే చిరునామా అయితే, రుజువు కోసం ఏ గుమ్మం తొక్కాలి? పుట్టింటి పేరు, పుట్టింటి చిరునామాతో ఉన్న షేర్ల కోసం వెళ్లే ఆడవారి అవస్థ ఇంతకు రెట్టింపు.

మోసగాళ్లున్నారన్నది నిజమే. యజమాని పలకని షేర్లను దొంగ పత్రాలతో కాజేసిన ఉదంతాలు ఉన్నాయి. కానీ అలాంటివాడి దగ్గర కాగితాలన్నీ పొందికగా ఉంటాయి. దొరకనివి నిజాయితీపరుడికే. కాగితం లేనివాడికి ఏజెంట్లు తయారు. రావాల్సిన దాంట్లో వాటా మాట్లాడుకుని ‘అన్నీ మేం చూసుకుంటాం’ అంటారు. ఈ వ్యాపారాన్ని పోషిస్తున్నది నిబంధనల గజిబిజే.

సుచేతా దలాల్ ఈ సొమ్ముపై సుప్రీంకోర్టులో పిటిషన్ వేశారు. కోర్టు 2022లో నోటీసులిచ్చింది. మరుసటి ఏడాది రిజర్వు బ్యాంకు ‘ఉద్గమ్’ పోర్టల్ తెచ్చింది. అక్కడ డిపాజిట్ ఉందో లేదో వెతుక్కోవచ్చు. డబ్బు కోసం మళ్లీ బ్యాంకు గడపే ఎక్కాలి.

పన్ను రాబట్టడానికి పాన్‌ను ఆధార్‌తో ముడిపెట్టి, 2023 జూన్ 30 గడువు దాటినవారి పాన్‌ను పనిచేయకుండా చేసిన ప్రభుత్వమిది. వాటాదారుడి తండ్రి పేరు, సంతకం కంపెనీ రికార్డుల్లో ఉంటాయి. పాత డివిడెండ్లు ఏ బ్యాంకులో జమయ్యాయో వెతకగలిగేదీ కంపెనీయే. వాటితో సరిపోల్చుకునే పని కంపెనీపైన, రిజిస్ట్రార్‌పైన పెడుతూ, నిరాకరిస్తే కారణాన్ని గడువులోగా రాతపూర్వకంగా ఇవ్వాలని చట్టం సవరించడానికి పార్లమెంటులో ఏ పార్టీ అడ్డుపడుతుంది?