యుద్ధనష్ట మెవరి ఋణము?

యుద్ధము ముగియగానే రాజ్యములు సంధిపత్రములు వ్రాసికొనును. సేనానులకు బిరుదులు, మృతసైనికులకు స్మారకస్తంభములు, గాయపడినవారికి పింఛనులు ఏర్పడును. ఆయుధము పట్టక, ఎవరికిని కీడు తలపెట్టక, ఇల్లును జీవనమును గోల్పోయిన సామాన్యుని పేరు మాత్రము ఏ పత్రమునందును కానరాదు. ఈ యన్యాయము తెలుగువారికి పరాయి కథ గాదు. 1942వ సంవత్సరమున బర్మా నుండి కాలినడకను మరలివచ్చిన మనవారి చరిత్రమే ఇందుకు నిదర్శనము.

రంగూను నగరమును మన తీరవాసులు రంగమనిరి. గంజాము, విశాఖపట్టణము, గోదావరి జిల్లాల నుండి ఏటేట వేలమంది ఓడలెక్కి పోయి, అచ్చటి రేవులో బరువులు మోసిరి. బియ్యపుమిల్లులలో పని చేసిరి. కోరంగి రేవును బట్టి వారికి కోరంగీలను పేరు కలిగెను. 1931 జనాభాలెక్కల నాటికి రంగూను జనములో సగమునకు మించి భారతీయులే. ఆ రేవు వ్యాపారము వీరి భుజములమీద నడచినదనుట అతిశయోక్తి గాదు.

1941 డిసెంబరు 23వ తేదీన జపాను విమానములు రంగూనుపై బాంబులు కురిపించెను. భీతిల్లిన కూలిజనము ప్రోము మార్గమున ఉత్తరదిశకు తరలెను. రేవుపని స్తంభించునని తలచిన ప్రభుత్వము వారిలో చాలమందిని వెనుకకు మరలించెను. 1942 మార్చి 8వ తేదీన నగరము జపాను వశమయ్యెను. అంతకు ముందే అధికారులు తొలగిపోయిరి. కూలివాడు తన దారి తాను చూచుకొనవలసివచ్చెను. టాంగప్ కనుమ గుండ అరకాను తీరమునకు కొందరు, టము మీదుగా మణిపురమునకు కొందరు, హుకాంగ్ లోయ గుండ అస్సామునకు కొందరు నడచిరి. కలరా, మలేరియా, ఆకలి దారిపొడుగునను వారిని వెంటాడెను. భారతభూమిని చేరినవారు 4 లక్షలకు పైబడిరని అంచనా. దారిలో కూలినవారిని లెక్కించినవారు లేరు గనుక, మృతుల సంఖ్య 10,000 అని కొందరు, 50,000లకు మించెనని కొందరు వ్రాయుచున్నారు. తెల్లవారికొక త్రోవ, భారతీయులకొక త్రోవ ఏర్పరచిరని దేశమంతట ఆగ్రహము చెలరేగెను. ఆ యేటనే అలహాబాదున సమావేశమైన అఖిల భారత కాంగ్రెసు సంఘము ఈ వ్యవహారమును ఖండించెను.

బ్రతికి వచ్చినవారికి శిబిరములలో అన్నమును దారిఖర్చును దొరకిన మాట నిజము. అస్సాము తేయాకు తోటలవారు ఆ శిబిరములలో చేసిన సేవ స్మరణీయము. కాని ఆకలి తీర్చుట వేరు, నష్టము తీర్చుట వేరు. కాలిపోయిన గుడిసె, మేస్త్రీ వద్ద నిలిచిపోయిన కూలి, ఇరువదియేండ్ల కష్టముతో సంపాదించుకొన్న పని, వీనికి జవాబుదారి యెవరు? పట్టాగాని రసీదుగాని లేని కూలివాడు ఏ కచ్చేరి మెట్లెక్కగలడు?

ధనవంతుని వ్యవహార మెట్లు నడచెనో చూడుడు. శత్రువునకు చిక్కరాదని 1942లో బ్రిటిషు సైన్యమే బర్మా ఆయిలు కంపెనీవారి చమురు కర్మాగారములను ధ్వంసము చేసెను. కంపెనీ దావా వేసి, ప్రభువుల సభ వరకు పోయి, పరిహారము రావలసియున్నదని 1964లో తీర్పు సంపాదించెను. మరుసటి యేడు పార్లమెంటువారు యుద్ధనష్టముల చట్టము చేసి, వెనుకటి కాలమునకును వర్తింపజేసి, ఆ తీర్పును వమ్ము చేసిరి. న్యాయవాదు లెల్లరెరిగిన వ్యాజ్యమిది. మాకు తోచున దొక్కటి: కంపెనీకి ఓడిపోవుటకైనను ఒక న్యాయస్థానము దొరకెను, కూలికి అదియును లేకపోయెను.

ఇంతమంది పేదల నష్టమును విచారించుట అసాధ్యమని కొందరందురు. ఈ వాదము నిలువదు. 1990 ఆగస్టులో ఇరాకు కువైటు నాక్రమింపగా, లక్షన్నరకు పైగా భారతీయులు కట్టుబట్టలతో మరలివచ్చిరి. వారిలో తెలుగువారును కలరు. 1991లో ఐక్యరాజ్యసమితి జినీవాలో ఒక పరిహార సంఘమును నెలకొల్పెను. ఆ సంఘము పెద్ద కంపెనీలకంటె ముందుగా సామాన్యుల అర్జీలను చేపట్టెను. దేశము విడిచివచ్చినట్లు రుజువు చూపినవానికి నిర్ణీతమైన మొత్తము లభించెను. సుమారు 15 లక్షల అర్జీలపై 5,240 కోట్ల డాలర్లు మంజూరై, 2022 జనవరి నాటికి చెల్లింపు పూర్తియయ్యెను.

ఇందును లోపము కలదు. ఆ ధనము ఓడిన ఇరాకు చమురు రాబడి నుండి, ఆ దేశప్రజలే లేమితో అలమటించిన దినములలో గూడ, గైకొనబడినది. గెలిచినవాడు తాను కూల్చిన ఇండ్లకు వెల కట్టియిచ్చుట మిక్కిలి అరుదు. కావున పౌరుని పరిహారము జయాపజయములపై ఆధారపడరాదని మా వాదము. 1949 నాటి జినీవా ఒప్పందము యుద్ధకాలమున పౌరుల రక్షణను విధించినదేగాని, ఇల్లు గోల్పోయినవాడు స్వయముగా అర్జీ పెట్టుకొనదగిన న్యాయస్థానము నేర్పరుపలేదు.

మొదట జరుగవలసినది నష్టమును వ్రాసిపెట్టుట. ఉక్రెయినువారి కొరకు 2023లో హేగు నగరమున ఒక నష్టపట్టిక ఏర్పడినది. అదే న్యాయము గాజాలోను, సూడానులోను ఇండ్లు గోల్పోయిన లక్షలాది జనులకును జరుగవలెను. ఏ పక్షమువాడని యడుగక, యుద్ధము జరుగుచుండగనే ఎవరి ఇల్లు, ఎవరి పని, ఎంత నష్టమని నమోదు చేయు శాశ్వతసంస్థ ఐక్యరాజ్యసమితి యందుండవలెను. దీనిని కోరుటకు మన దేశమునకు రంగము నుండి నడచివచ్చినవారి బాధయే అధికారమిచ్చుచున్నది. మన ప్రతినిధు లీ కోరికను ప్రపంచసభ ముందుంచునట్లు ప్రజలు పట్టుపట్టవలెను. అన్నము పెట్టుట దయ. ఋణము తీర్చుట ధర్మము. రంగము కూలీల ఋణము తీరకయే పోయినది. ఇకముందు నష్టపోవువారి ఋణమైనను లెక్కకెక్కవలెను.