నాన్న చేతిలో టీ గ్లాసు

మీ వీధి చివర ఇస్త్రీ బండి ఏ రంగులో ఉంటుందో చెప్పగలరా? మియాపూర్‌లో మూడేళ్లుగా రోజూ దాని పక్క నుంచే మెట్రోకి వెళ్తున్నా, నేనైతే చెప్పలేకపోయేదాన్ని. కిందటి దీపావళి సెలవులో బొమ్మ వేద్దామని కూర్చున్నాకే తెలిసింది, ఆకుపచ్చ. అదీ పైన మాత్రమే. చక్రాల దగ్గర పెచ్చులూడి పాత నీలం బయటపడుతోంది.

అప్పట్నుంచి రోజుకో బొమ్మ. పన్నెండు రంగుల వాటర్‌కలర్ పెట్టె, ఒక్క బ్రష్షు, పొద్దున స్టాండప్ కాల్‌కి ముందు ఇరవై నిమిషాలు. రూల్ ఒక్కటే. ఫోన్‌లో ఫొటో చూసి వేయకూడదు, ఎదురుగా ఉన్నదే వేయాలి. హాస్టల్ బాల్కనీలో తువ్వాళ్లు, ఆఫీసులో కాఫీ మెషీన్, సగం తిన్న ఇడ్లీ ప్లేటు. మొదట మామూలు నోట్‌బుక్‌లో వేస్తే పేజీ అప్పడంలా వంకర్లు పోయింది. 300 జీఎస్‌ఎం కాగితం కొన్నాక ఆ బాధ తప్పింది. ఇడ్లీకి తెల్లరంగే అక్కర్లేదని కూడా అప్పుడే తెలిసింది. కాగితాన్ని అలాగే వదిలేసి చుట్టూ నీడ వేస్తే చాలు. ఆ నీడకి నలుపు వాడితే బొమ్మ చచ్చిపోతుంది. అల్ట్రామరీన్ నీలంలో కాస్త బర్న్‌ట్ సియెన్నా కలిపి చూడండి.

సగం బొమ్మలు బాగా రావు. (ఆటో వేస్తే గొర్రెలా వచ్చింది.) ఇన్‌స్టాలో ఒక వారం పెట్టి ఆపేశా. ఆ వారమంతా బొమ్మకంటే లైకులే ఎక్కువ చూశా.

మాది రాజమండ్రి. జూన్‌లో ఊరెళ్లినప్పుడు దామెర్ల రామారావు ఆర్ట్ గ్యాలరీకి వెళ్లా. చిన్నప్పుడు స్కూలువాళ్లు తీసుకెళ్తే పరుగెత్తుతూ చూసిన చోటే. ఆయన 1897లో పుట్టి, 1925లో 28 నిండకుండానే మశూచితో పోయారు. నాకిప్పుడు 28. ఆయనతో పోలికేం కాదు గానీ, ఆ లెక్క వేసుకున్నాక కాసేపు అక్కడే నిలబడిపోయా.

ఆ సాయంత్రం నాన్నని వేశా. అరుగు మీద కూర్చుని, ఒళ్లో పేపరు, చేతిలో టీ గ్లాసు. సంక్రాంతికి వచ్చినప్పుడూ అదే బొమ్మ వేశా. రాత్రి రెండు పేజీలూ పక్కపక్కన పెట్టి చూస్తుంటే ఏదో తేడా. సంక్రాంతి బొమ్మలో గ్లాసు కుడి చేతిలో ఉంది. జూన్ బొమ్మలో ఎడమ చేతిలో. కుడి చెయ్యి పేపరు కింద ఉంది. నేను కావాలని వెయ్యలేదు. కనిపించింది వేశా, అంతే. వేస్తున్నప్పుడు కూడా తట్టలేదు.

పొద్దున అడిగితే, "ఏం లేదమ్మా, ఆ చెయ్యి కాస్త వణుకుతోంది, టీ ఒలికిపోతోంది" అన్నారు. ఎన్నాళ్లుగా అంటే, ఉగాది ముందు నుంచట! అమ్మక్కూడా చెప్పలేదు. నేను రోజూ వీడియో కాల్ చేస్తూనే ఉన్నా, మెడ దాకా మాత్రమే కనిపించే నాన్నకి.

న్యూరాలజిస్ట్ చూసి పార్కిన్సన్స్, మొదటి దశ అన్నారు. పూర్తిగా పోయేది కాదట, మందులతో, వ్యాయామంతో అదుపులో పెట్టుకోవాలట. ఇంటికొచ్చాక అమ్మ మాట్లాడకుండా టీ గ్లాసుల్ని పక్కన పెట్టి, పిడి ఉన్న పెద్ద కప్పు తీసింది. అందులో సగానికే పోస్తోంది.

ఇప్పుడు రెండు వారాలకోసారి ఊరెళ్తున్నా. పోయిన ఆదివారం నాన్న నా పుస్తకం తీసుకుని జూన్ పేజీ దగ్గర చాలాసేపు ఆగారు. చెయ్యి గురించే ఏమైనా అంటారేమో అనుకున్నా.

"నా ముక్కు మరీ ఇంత పొడుగుంటుందా?" అన్నారు.

పొడుగే. బ్రష్షుతో మూడుసార్లు కొలిచి మరీ వేశా.