ఉల్లికోడు: గొట్టాన్ని లెక్కించడం చాలదు, పిలకను చీల్చి చూడాలి

వరి పైరులో ఉల్లికోడు ఉనికిని రైతు గుర్తించేది ఉల్లికాడను పోలిన తెల్లని గొట్టం పైకి వచ్చిన తరువాతనే. విస్తరణ సిబ్బంది సర్వేలోనూ లెక్కకు వచ్చేది ఆ గొట్టమే. పిలకలలో 5 శాతం గొట్టాలుగా మారితే సస్యరక్షణ చేపట్టాలన్న సూచనకూ అదే ఆధారం. అయితే ఆ పిలకకు సంబంధించినంతవరకు గొట్టం దాడికి ఆరంభం కాదు, ముగింపు. క్షేత్ర సలహాలలో ఈ తేడాను స్పష్టం చేయకపోతే రైతు మందుపై పెట్టే ఖర్చు అకాలపు ఖర్చుగా మిగులుతుంది.

ఆకును కొరికే పురుగు ఉన్న కణజాలాన్ని తినివేస్తుంది. ఉల్లికోడు మొక్క చేతనే కొత్త కణజాలాన్ని నిర్మింపజేస్తుంది. గుడ్డు నుండి వెలువడిన పిల్లపురుగు తేమ ఆధారంగా ఆకు తొడుగుల మధ్య పాకుతూ పిలక మొదట్లోని పెరుగుదల మొగ్గను చేరుతుంది. అక్కడ అది మేత ప్రారంభించగానే మొగ్గ ఎదుగుదల అణగిపోతుంది. అన్నింటికన్న లోపలనున్న ఆకు అంకురం నుండి గట్ల వంటి పెరుగుదలలు బయలుదేరి, పురుగు చుట్టూ గది ఏర్పడుతుంది. ఆ గదిలోని కణాలు పురుగుకు ఆహారం సమకూర్చే పోషక కణజాలంగా మారుతాయి. ఆపైన ఆకు తొడుగు గొట్టంగా సాగుతుంది. ఆకు పత్రం గొట్టం కొసన చిన్న ముక్కగా మిగిలిపోతుంది.

ఈ గొట్టం సాగి బయట కనిపించే నాటికి లోపలి పురుగు మేత దశ దాదాపు ముగిసి ఉంటుంది. ఆ పిలకకు వెన్ను రాదు. ఏ మందూ ఆ కణజాలాన్ని తిరిగి మొగ్గగా మార్చలేదు.

గొట్టాల లెక్క నిరుపయోగమని దీని అర్థం కాదు. వాటి నుండి వెలువడే తల్లిపురుగులు కొత్త పిలకలపై గుడ్లు పెడతాయి కనుక తరువాతి తరాన్ని గూర్చి ఆ లెక్క హెచ్చరిస్తుంది. కాని వెన్ను అంకురించే దశ దాటిన పిలకలలో కొత్త గొట్టాలు ఏర్పడవు. ఆ దశలో గొట్టాలను చూసి చేసే పిచికారీ పంటను కాపాడదు. పురుగును అదుపు చేసే ప్లాటిగాస్టర్ వంటి పరాన్నజీవులకు మాత్రం హాని చేస్తుంది.

కనుక పిలకలు వేసే దశ తొలినాళ్లలోనే కొన్ని దుబ్బులను పెకలించి, పిలకలను నిలువుగా చీల్చి, మొదట్లో పురుగు ఉన్నదో లేదో చూడడం సర్వేలో భాగం కావాలి. సేకరించిన గొట్టాలలో కొన్నింటిని సీసాలలో ఉంచి, వెలువడేది ఉల్లికోడా, పరాన్నజీవియా అని గమనించిన తరువాతనే మందుపై నిర్ణయం జరగాలి.

నిరోధక రకాల విషయంలోనూ గొట్టం లేకపోవడమొక్కటే సమాచారం కాదు. జిఎం2 జన్యువు గల ఫల్గుణ వంటి రకాలలో మొగ్గ వద్ద కణజాలం గోధుమరంగుకు మారి పురుగు చనిపోతుంది. జిఎం1 జన్యువు గల డబ్ల్యూ 1263 లో ఆ రంగు మార్పు లేకుండానే పురుగు మరణిస్తుంది. రెండింటిలోనూ గొట్టం ఏర్పడదు. తేడా స్పష్టంగా తెలిసేది చీల్చినప్పుడు. భారతదేశంలో ఈ పురుగుకు 7 బయోటైపులు నమోదయ్యాయి. 1980వ దశకంలో ఉత్తర కోస్తాలో నాలుగవ బయోటైపు ఎదుట ఫల్గుణ నిలువలేకపోయింది. నిరోధక రకం పిలకల మొదట్లో పురుగులు చావక బతికి పెరుగుతున్నట్లు కనిపిస్తే, గొట్టాలు పొలమంతా పరుచుకొనక ముందే పరిశోధన కేంద్రానికి కబురు చేరుతుంది.

విద్యార్థులకు ప్రయోగ తరగతులలో సాధారణంగా ఎండిన గొట్టాన్ని నమూనాగా చూపుతారు. దానితోపాటు గొట్టం ఇంకా ఏర్పడని పచ్చి పిలకనూ వారి చేతికి ఇవ్వాలి. ఇందుకు బ్లేడు, భూతద్దం చాలు. చీల్చి చూసిన విద్యార్థి రేపు విస్తరణాధికారిగా పొలానికి వెళ్లినప్పుడు, ఏ పిలకను కాపాడగలమో, ఏది అప్పటికే చేజారిందో రైతుకు నిజాయితీగా చెప్పగలుగుతాడు.