పంటికి మూడవ జన్మ

గత సంవత్సరము మాఘమాసములో మా ఔషధాలయమునకు వచ్చిన ఒక విశ్రాంత ఉపాధ్యాయులు, నేను మాట్లాడుతుండగా నా నోటివంక తేరిపార చూసి, "వైద్యులుగారూ, క్రింది వరుసలో ఆ దవడ పన్ను కొత్తదిగా ఉన్నదే! ఇంప్లాంటు పెట్టించుకున్నారా?" అని అడిగారు. అవునన్నాను. ఆయన కొంచెముసేపు ఊరకుండి, "ఇరవై ఏళ్ళుగా మాకు వేపపుల్ల, త్రిఫలా కషాయము చెప్పిన మీరే ఆ దారి పట్టితే, ఇక మావంటివారు ఏమనుకోవాలండీ?" అన్నారు.

ఆ మాటలో కొంత వేళాకోళమున్నది, కొంత బాధయు ఉన్నది. ఆనాడు రెండు మాటలు చెప్పి ఆయనను పంపివేశాను. అయితే ఆ ప్రశ్న ఆయన ఒక్కరిది కాదు. ఆయుర్వేదమును నమ్మిన కుటుంబములలో పన్ను ఊడినపుడు పలువురి మనసులో మెదలే సందేహమే అది. అందువలన పూర్తి సమాధానము ఇక్కడ వ్రాస్తున్నాను.

ముందుగా నా పొరపాటు చెప్పుకోవలెను. గురువుగారి ఇంట ఉండి చదువుకొను రోజులలో సుశ్రుతుడు చెప్పిన ముఖరోగముల పట్టికను కంఠస్థము చేసినవాడను. చిగుళ్ళ నుండి కారణము లేకుండా రక్తము స్రవించుట, దుర్వాసన, చిగురు మెత్తబడుట, ఇవి శీతాదమను వ్యాధికి లక్షణములని ఎందరికో చెప్పాను. అవే లక్షణములు నా నోట కనిపించినపుడు మాత్రము, నొప్పి వచ్చిన ప్రతిసారీ లవంగ తైలము అద్దుకొని, ఖదిరాది వటి చప్పరించి ఊరకున్నాను. నొప్పి తగ్గేది. నొప్పి శమించుటయే వ్యాధి శమించుట అనుకున్నాను. మూడేళ్ళ తరువాత పన్ను కదలసాగినది. ఎక్స్-రే తీయగా, ఆ పంటి చుట్టూ ఎముక సగమునకు పైగా కరిగిపోయి ఉన్నది. లవంగ తైలము తన పని తాను చేసినది. వైద్యుడనైన నేనే నా పని చేయలేదు.

ద్విజము అనగా ఏమి?

సంస్కృతములో పంటికి ద్విజమని ఒక పేరు కలదు. రెండుమార్లు పుట్టునది కనుక ఆ పేరు. పాలపళ్ళు మొదటి జన్మ. ఆరవ ఏట మొదలుకొని వచ్చునవి రెండవ జన్మ. మూడవ జన్మ ప్రకృతి ఇవ్వలేదు. ఏ తైలము గాని, లేహ్యము గాని, గుళిక గాని ఊడిన పంటిని తిరిగి మొలిపించదు. మొలిపించునని ప్రకటనలు చేయువారు మన శాస్త్రమునకు అపకారమే చేస్తున్నారు. ఈ సత్యమును ఒప్పుకొనుటలో ఆయుర్వేదమునకు చిన్నతనమేమియు లేదు. ఔషధముతో తీరనిచోట శస్త్రమును ఆశ్రయించవలెనని చెప్పినది మన సుశ్రుతుడే కదా!

ఇంప్లాంటు అనునది ఒక విధముగా ఈ మూడవ జన్మ. దవడ ఎముకలో టైటానియం లోహముతో చేసిన చిన్న మరను వేరుగా అమర్చి, దానిపై పంటి తొడుగు బిగిస్తారు. 1952లో స్వీడన్ దేశపు శాస్త్రవేత్త పెర్-ఇంగ్వార్ బ్రానెమార్క్ కుందేలు ఎముకలో అమర్చిన టైటానియం పరికరము, తిరిగి తీయబోగా, ఎముకతో ఏకమై ఊడి రాలేదట. ఆ గమనింపే దీనికి మూలము. 1965లో ఆయన మొదటిసారి మనిషి దవడలో ఇట్టి మరలను అమర్చారు. శరీరములో చొచ్చి బాధించు పరాయి వస్తువును మనవారు శల్యము అన్నారు, దానిని తీయు విధానములు బోధించారు. ఇక్కడ ఎముక తనంత తాను ఆ పరాయి వస్తువును కౌగిలించుకొనుచున్నది. ఇది నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే.

చేయించుకొనువారు ఎదురుచూడవలసినవి

మొదటిది, ఓర్పు. దంతవైద్యుడు నోరంతయు పరీక్షించి, ఎక్స్-రే, అవసరమైనచో స్కాను తీయించి, ఎముక ఎంత మందమున్నదో చూస్తారు. ఎముక చాలనిచో ఎముక పొడి వంటి పదార్థమును చేర్చి పెంచవలసి రావచ్చును. అపుడు మరికొన్ని నెలలు ఆగవలెను. చిగుళ్ళ వ్యాధి ఉన్నచో ముందు దానిని నయము చేయవలెను.

మర అమర్చునాడు చిగురుకు మత్తు సూది ఇస్తారు. మనిషి మెలకువగానే ఉంటాడు. అదురు, ఒత్తిడి తెలియును గాని నొప్పి తెలియదు. ఒక్క పంటికైతే సాధారణముగా గంటలోపు పని. నేను భయపడినంత కష్టము అందులో లేదు. పన్ను తీయించుకొన్ననాడే ఎక్కువ బాధపడ్డాను.

ఆ తరువాత అసలు నిరీక్షణ. ఎముక లోహమును పట్టుకొనుటకు సాధారణముగా మూడు నుండి ఆరు నెలలు పట్టును. పై దవడ ఎముక మెత్తన కనుక అక్కడ కొంత ఆలస్యము. ఎముక పట్టిన పిదప తొడుగు బిగిస్తారు. ఒక్కరోజులోనే పళ్ళు బిగిస్తామను ప్రకటనలు చూస్తున్నాము. ఎముక గట్టిగా ఉన్న కొందరికి అది సాధ్యమే, అందరికీ కాదు. తొందరపెట్టుట రోగి చేయు పొరపాటు, తొందరకు ఒప్పుకొనుట వైద్యుడు చేయు పొరపాటు.

రెండవది, వ్యయము. ఊరిని బట్టి, వాడు సామగ్రిని బట్టి ఒక్క పంటికి సుమారు రూ. 25,000 నుండి రూ. 50,000 వరకు, కొన్నిచోట్ల అంతకు మించియు కాగలదు. తొడుగు ఖరీదు అందులో కలిసియున్నదా, ఎముక చేర్చవలసివస్తే ఎంత, మర పట్టు చిక్కకపోతే మరల చేయుటకు ఎంత, ఇవన్నియు ముందే కాగితముపై వ్రాయించుకొనండి. అమర్చిన మర తయారీదారు పేరు, కొలత, సంఖ్య ఉన్న చీటీని అడిగి తీసుకొని భద్రపరచండి. పదేళ్ళ తరువాత వేరే ఊరి వైద్యునికి అదే ఆధారము.

ఇంత వ్యయము భరింపలేనివారు నొచ్చుకొననక్కరలేదు. తీసి పెట్టుకొను కట్టుడు పళ్ళున్నవి. ఇరుప్రక్కల పళ్ళను అరగదీసి వాటి ఆధారముగా కట్టు బ్రిడ్జి ఉన్నది. ఖాళీని మాత్రము ఏళ్ళ తరబడి అట్లే వదలవద్దు. ప్రక్క పళ్ళు ఒరుగును, ఎదుటి పన్ను సాగును, ఎముక క్రమముగా తరుగును.

దాచకూడని విషయములు

మధుమేహము అదుపులో లేనివారికి గాయము మానదు, ఎముక పట్టు ఆలస్యమగును. మూడు నెలల సగటు చక్కెర పరీక్ష చేయించుకొని, దానిని అదుపులోనికి తెచ్చుకొన్న తరువాతనే ముందుకు వెళ్ళవలెను. చుట్ట, బీడీ, సిగరెట్టు, గుట్కా, జర్దా కిళ్ళీ, వీటిలో దేనిని మానలేనివారైనను ఆ మాట వైద్యునికి చెప్పి తీరవలెను. పొగాకు రక్తప్రసరణను తగ్గించి ఇంప్లాంటును పాడుచేయునని నిశ్చయముగా తెలిసిన విషయము. ఎముకలు గుల్లబారుటకు మందులు వాడువారు, రక్తము పలుచబడుటకు మాత్రలు వేసుకొనువారు తమంత తాము వాటిని మానరాదు. మందు ఇచ్చిన వైద్యునికి, దంతవైద్యునికి ఉభయులకు తెలుపవలెను.

మన పాఠకులకు మరియొక మాట. దంతవైద్యుడు "ఏమైనా మందులు వాడుతున్నారా?" అన్నపుడు మనవారు ఇంగ్లీషు మందులే చెబుతారు. కషాయములను, చూర్ణములను మందులుగా లెక్కించరు. గుగ్గులు యోగములు, వెల్లుల్లి గుళికలు, అధిక మోతాదులో పసుపు, ఇవి రక్తము గడ్డకట్టుటపై ప్రభావము చూపవచ్చును. "ఆకు మందే కదా" అని దాచవద్దు. ఆకు మందుకు శక్తి ఉన్నదని నమ్మువారు, ఆ శక్తి అన్ని వైపులా పనిచేయగలదనియు నమ్మవలెను.

మొదటి పది దినములు

మొదటి ఇరవై నాలుగు గంటలు పుక్కిలించరాదు, గట్టిగా ఉమ్మరాదు, వేడి పదార్థము తినరాదు. గాయముపై గడ్డకట్టిన రక్తమే దానికి కవచము. చెంపకు బయటినుండి చల్లని కాపడము పెట్టవచ్చును. రెండవనాటి నుండి గోరువెచ్చని ఉప్పునీటితో మెల్లగా నోరు కడుగుకొనవలెను. వాపు రెండు మూడు దినములు పెరిగి పిదప తగ్గును. మెత్తని మజ్జిగ అన్నము, పెసర కట్టు, చల్లార్చిన రాగిజావ హితము. జంతికలు, చెగోడీలు, పేలాలు కొన్నాళ్ళు మరచిపోవలెను. సాధారణముగా వారము పది దినములలో కుట్లు విప్పుతారు.

నాలుగవ దినము దాటినను నొప్పి పెరుగుట, చీము, జ్వరము, పెదవి తిమ్మిరి వీడకుండుట, మర కదలుట, వీటిలో ఏది కనిపించినను గృహవైద్యము చేయక వెంటనే శస్త్రము చేసిన వైద్యుని వద్దకు వెళ్ళవలెను. పచ్చి గాయముపై లవంగ తైలము పూయవద్దు, మంట పుట్టి కణజాలము దెబ్బతినును. నూనె పుక్కిలించుట, గండూషము, ఇవన్నియు గాయము మానువరకు ఆపి, వైద్యుడు సరేనన్న తరువాతనే మొదలుపెట్టవలెను.

చిగురే ప్రాణము

సుశ్రుతుడు చెప్పిన ముఖరోగములు అరువది ఐదు. వానిలో పంటివి ఎనిమిది. పంటి మూలమునకు వచ్చునవి పదునైదు. ఈ లెక్క యొక్క అర్థము ఇంప్లాంటు చేయించుకొన్న తరువాతనే నాకు పూర్తిగా బోధపడినది. లోహమునకు పుచ్చు పట్టదు. కాని దాని చుట్టూ ఉన్న చిగురుకు వాపు వచ్చును, ఎముక కరగును. అసలు పన్ను ఏ దారిన పోయినదో, కొత్త పన్ను కూడ అదే దారిన పోగలదు. సహజమైన పంటికి వేరు చుట్టూ సున్నితమైన పొర ఉండి, అన్నములో రాయి తగిలినను తెలియజేయును. ఇంప్లాంటుకు ఆ పొర లేదు. అందుచేత ఒత్తిడియు, ఆపదయు ఆలస్యముగా తెలియును. నిద్రలో పళ్ళు కొరుకు అలవాటున్నవారు ఆ సంగతి ముందే చెప్పవలెను.

సక్రమముగా చేసి, శుభ్రముగా కాపాడుకొన్నచో నూటికి తొంబదికి పైగా ఇంప్లాంట్లు పదేళ్ళు దాటి నిలుచుచున్నవి. దానికి చేయవలసినది రోజుకు రెండుమార్లు మెత్తని కుచ్చు బ్రష్షుతో చిగురు అంచు వరకు తోముట, పళ్ళ సందులు దారముతోనో సన్నని బ్రష్షుతోనో శుభ్రపరచుట, ఏడాదికి ఒకటి రెండుమార్లు దంతవైద్యునికి చూపుట. గాయము మానిన పిదప త్రిఫలా కషాయముతో కవళము, నువ్వుల నూనెతో గండూషము నేను చేస్తున్నాను, హాయిగా ఉన్నది. అయితే అవి తోముటకు తోడు మాత్రమే, తోముటకు బదులు కావు.

ఆ ఉపాధ్యాయులు నెల తిరుగకముందే మరల వచ్చారు. ఆనాడు నన్ను ప్రశ్నించుటకు అసలు కారణము అపుడు చెప్పారు. ఆయనకును రెండు పళ్ళ వద్ద రక్తము వచ్చుచున్నదట, నావలెనే తైలముతో కాలము గడుపుచున్నారట. నేను వెంటనే దంతవైద్యుని వద్దకు పంపాను. గార తీసి, చిగురు లోతుగా శుభ్రపరచగా ఆ రెండు పళ్ళు నిలిచినవి, ఇంప్లాంటు అవసరము రాలేదు. "మీ పన్ను పోయి నా పళ్ళు దక్కినవండీ" అన్నారు నవ్వుతూ.

రెండవ జన్మ ఎత్తిన పంటిని కాపాడుకొనుట ఉత్తమము. అది చేయిదాటినపుడు మూడవ జన్మను సంకోచము లేకుండా స్వీకరించుట మధ్యమము. ఆయుర్వేదము పేరు చెప్పి, నొప్పిని అణచి, ఎముక కరగువరకు కూర్చుండుట అధమము. ఆ అధమమును నేను చేశాను. మీరు చేయవద్దు. ఈ రాత్రి పళ్ళు తోముకొనునపుడు ఉమ్మిలో ఎరుపు కనిపించినచో, రేపే వెళ్ళి చూపించుకొనండి.