ఆకే కదా, మద్యం కాదుగా!

మహిళల ఇజ్తెమా ముగిసి అందరూ వెళ్లిపోతుండగా ఒక తల్లి నన్ను పక్కకు పిలిచింది. ఇంజనీరింగ్ చదువుతున్న కుమారుని సంచిలో ఆమెకు ఒక చిన్న పొట్లం కనిపించిందట. నిలదీస్తే అతను తల వంచుకోలేదు సరికదా, వాదనకు దిగాడట. "ఇది మద్యం కాదమ్మీ, అల్లాహ్ పుట్టించిన ఆకు. ఇండికా రకమైతే నిద్ర పట్టిస్తుంది, సటైవా రకమైతే చదువుకు చురుకునిస్తుంది. నేను తీసుకునేది రెండోది. అసలు ఖుర్ఆన్‌లో గంజాయి అన్న మాట ఎక్కడుంది?" కళ్లు తుడుచుకుంటూ ఆమె అడిగింది: "వాడికి ఏమని జవాబు చెప్పాలి ఆపా?"

గద్దించి ఊరుకుంటే ఇలాంటి వాదన ఆగదు. పిల్లలు ఫోనులో చదివి మాట్లాడుతున్నారు. కాబట్టి మనమూ విషయం తెలుసుకొని మాట్లాడాలి.

సటైవా అన్నది 1753లో లిన్నేయస్ పెట్టిన పేరు. భారతదేశపు మొక్కను వర్ణిస్తూ 1785లో లామార్క్ ఇండికా అన్న పేరు పెట్టాడు. వృక్షశాస్త్రానికి చెందిన ఈ పేర్లను నేటి వ్యాపారులు సరకుకు తగిలించి, ఒకటి హుషారుకు, ఒకటి విశ్రాంతికి అని ప్రచారం చేస్తున్నారు. జన్యు పరీక్షలు చేసి చూస్తే ఆ పేర్లకూ లోపలి సరకుకూ పొంతన అంతంతమాత్రమే. మన మన్యంలో దొంగచాటుగా పండించే ఒక రకానికైతే 'శీలావతి' అని పేరు! పతివ్రతగా ప్రసిద్ధి పొందిన స్త్రీ పేరును మత్తు సరకుకు పెట్టడానికి ఎంత ధైర్యం కావాలో!

మత్తు కలిగించే ప్రధాన పదార్థం టీహెచ్‌సీ. దీనిని 1964లో శాస్త్రవేత్తలు వేరుచేసి గుర్తించారు. సీబీడీ అనే మరో పదార్థానికి అటువంటి మత్తు లేదు. ప్రభావాన్ని నిర్ణయించేది రకం పేరు కాదు. టీహెచ్‌సీ ఎంత ఉంది, ఎంత మోతాదు తీసుకున్నారు, పొగగానా తిండిగానా, తీసుకున్నవారి వయస్సు ఏమిటి, మనఃస్థితి ఏమిటి అన్నవే. అమెరికాలో అధికారులు పట్టుకున్న సరకులో 1995 ప్రాంతంలో టీహెచ్‌సీ సుమారు 4 శాతం ఉండగా, 2014 నాటికి అది 12 శాతానికి చేరింది. పొట్లం కొన్న కుర్రవానికి అందులో ఎంత ఉందో తెలిసే మార్గమే లేదు.

'ఆకు' అన్న మాట కూడా సరికాదు. ఆకుతో చేసేది భంగు. ఆడమొక్క పూతకొనలు గంజాయి. మొక్క నుండి తీసిన జిగురు చరస్. అరబ్బీ గ్రంథాలలోని హషీష్ ఈ మొక్క మత్తే. పొగ అయితే ప్రభావం నిమిషాల్లో తెలుస్తుంది. మిఠాయిలోనో చాక్లెట్‌లోనో కలిపి తింటే అరగంట నుండి రెండు గంటల దాకా పట్టవచ్చు. ఇంకా ఏమీ కాలేదనుకొని మరికొంత తిని ఆసుపత్రి పాలయ్యేవారూ ఉన్నారు.

ఇక చదువుకు చురుకు సంగతి. టీహెచ్‌సీ తాత్కాలిక జ్ఞాపకశక్తిని, ఏకాగ్రతను దెబ్బతీస్తుంది. మెదడు ఎదుగుదల ఇరవై అయిదేళ్ల ప్రాయం దాకా సాగుతుంది. ఆలోగా తరచుగా వాడేవారిలో భ్రమలు, అనుమానాలతో కూడిన తీవ్ర మానసిక వ్యాధి ముప్పు పెరుగుతుంది. కుటుంబంలో అటువంటి వ్యాధి ఉంటే ఆ ముప్పు మరింత ఎక్కువ.

ధర్మం విషయానికి వస్తే, షరీఅత్ వస్తువు పేరును కాదు, అది బుద్ధిపై చేసే పనిని చూస్తుంది. బుద్ధిని కప్పివేసేదే మద్యమని హజ్రత్ ఉమర్ (రజి) వివరించారు. మత్తు కలిగించే ప్రతిదీ నిషిద్ధమనీ, అధికంగా తీసుకుంటే మత్తెక్కించే వస్తువు కొద్దిగా కూడా నిషిద్ధమేననీ దైవప్రవక్త (సఅసం) బోధించినట్లు హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. హషీష్ సమస్య ఎదురైనప్పుడు ఇమామ్ ఇబ్నె తైమియా (మరణం హి.శ. 728) దానిని నిషిద్ధమన్నారు. ఇమామ్ జర్‌కషీ (మరణం హి.శ. 794) దానిపై ప్రత్యేక గ్రంథమే రాశారు. మొక్క అల్లాహ్ సృష్టే. ద్రాక్ష కూడా ఆయన సృష్టే కదా, మద్యం హలాల్ అయిందా?

వైద్యం వేరు. మూర్ఛవ్యాధిలోని కొన్ని తీవ్ర రకాలకు శుద్ధిచేసిన సీబీడీ మందును 2018లో అమెరికా ఔషధ సంస్థ ఆమోదించింది. వైద్యుడు తూచి ఇచ్చే మందును చూపి వీధి పొట్లాన్ని సమర్థించడం తగదు.

ఆ తల్లికి మరో భయం కూడా ఉంది. చికిత్సకు తీసుకువెళితే కేసు పెడతారేమోనని. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టం కింద గంజాయి సేవించడం నేరమే, ఆరు నెలల దాకా జైలుశిక్ష పడవచ్చు. అయితే వ్యసనానికి లోనై, సేవించినందుకో స్వల్ప పరిమాణంతోనో పట్టుబడిన వ్యక్తి స్వచ్ఛందంగా గుర్తింపు పొందిన కేంద్రంలో చికిత్సకు చేరితే, అదే చట్టంలోని 64ఎ సెక్షను ప్రాసిక్యూషన్ నుండి రక్షణ ఇస్తుంది. చికిత్స మధ్యలో మానితే ఆ రక్షణ పోవచ్చు. వ్యసన విముక్తికి జాతీయ ఉచిత సహాయ నంబరు 14446. బంధువుల ముందు పిల్లవాని పరువు తీయవద్దనీ, ముందుగా వాళ్ల అబ్బా ఒంటరిగా కూర్చోబెట్టి ఎప్పటి నుండి, ఎవరితో, ఎందుకు అని కోపం లేకుండా అడగాలనీ చెప్పాను. ఆమె తన సంచిలో నుండి నమాజు వేళల కార్డు తీసి, దాని వెనుక ఆ నంబరు రాసుకుంది.